240జెడ్ వెనుక బుష్షులు: రబ్బరు మెలిపడుతుంది, పాలీ జారుతుంది

ప్రశ్న: మాది గుంటూరు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. రెండేళ్ల క్రితం 1972 నాటి డాట్సన్ 240జెడ్ కారు కొన్నాను. వారాంతాల్లో కొండ దారుల్లో నడుపుతాను, రేసులకు తీసుకెళ్లను. కారులో రెండు ఇబ్బందులున్నాయి. మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు జరిగినట్టవుతోంది. ఆగిన కారును కదిలించగానే వెనుక నుంచి ‘ఠక్’మని చప్పుడు వస్తోంది. చూసినవాళ్లు వెనుక సస్పెన్షన్ బుష్షులు (కదిలే కీళ్లలో ఉండే గొట్టం ఆకారపు మెత్తలు) పోయాయన్నారు. వెనుక భాగానికంతటికీ సరిపోయే పాలీయూరెథేన్ (‘పాలీ’ అనే గట్టి ప్లాస్టిక్‌లాంటి పదార్థం) బుష్షుల కిట్ తెప్పించాను. పని మొదలుపెడితే ఎడమ చక్రం దగ్గర బుష్షుల గుండా పోయే పొడవాటి స్పిండిల్ పిన్ ఊడి రావడం లేదు. రెండు శనివారాలు దానికే పోయాయి. సుత్తితో కొడితే పిన్ కొస కాస్త విప్పారింది. పాత రబ్బరును మంటతో కాల్చి తీయడం వీడియోల్లో చూశాను, అలా చేయవచ్చా? అసలు పాలీ వేయడం మంచిదేనా, రబ్బరే వేయాలా?

సమాధానం: ముందు సుత్తి పక్కన పెట్టండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు గానీ, ఇంకో నాలుగు దెబ్బలు పడితే విప్పారిన ఆ కొస బుష్ లోపలి గొట్టంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు ఇటూ రాదు, అటూ పోదు. నేను మొదటిసారి ఈ కారు పని చేసినప్పుడు సరిగ్గా అదే జరిగింది. పిన్ తీయడానికి పట్టాల్సిన సమయంకన్నా నా దెబ్బలతో చెడిన కొసను ఆకురాయితో అరగదీయడానికే ఎక్కువ సమయం పట్టింది.

పిన్ సంగతికి వెళ్లే ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. ‘పాలీయా, రబ్బరా’ అన్నదానికి చాలామంది ‘గట్టిదా, మెత్తదా’ అన్న లెక్కలోనే జవాబు చెబుతారు. గట్టిదనంలో తేడా ఉన్న మాట నిజమే. కానీ అసలు తేడా అది కాదు. ఆ రెండూ పని చేసే తీరే వేరు.

మీ కారుకు వచ్చిన పాత రబ్బరు బుష్‌ను చూడండి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతికించిన రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్ (చక్రాన్ని బండి బాడీకి కలిపే ఇనుప చేయి) కంటిలో, అంటే దాని కొసనున్న గుండ్రటి రంధ్రంలో, బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టం నట్టు బిగింపుతో కదలకుండా నిలుస్తుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఏదీ దేని మీదా జారదు. మధ్యలోని రబ్బరే మెలిపడి మళ్లీ తన స్థితికి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు, చప్పుడూ ఉండదు.

పాలీ అలా కాదు. అది లోపలి గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని మీద తిరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు విప్పి కట్టే షెడ్డు ముందు ఎప్పుడైనా నిలబడ్డారా? కట్ట కంటిలో లోహపు బుష్, అందులో పిన్, పిన్ కొసన గ్రీజు నిపుల్. గ్రీజు అందినంతకాలం ఆ బుష్ బతుకుతుంది, ఎండిపోతే కిర్రుమంటూ అరుగుతుంది. మీ పాలీ బుష్ ఆ లోహపు బుష్‌కు చుట్టం, రబ్బరుకు కాదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే బిగింపు దగ్గరా, గ్రీజు దగ్గరా, ఎక్కడ వేయాలి ఎక్కడ వద్దు అన్న దగ్గరా పొరపాటు జరగదు.

మీ కారు విషయంలో ఒక అదృష్టం ఉంది. 240జెడ్‌లో వెనుక చక్రానికి పైన స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలు), కింద వెడల్పాటి కంట్రోల్ ఆర్మ్ ఉంటాయి. ఆ ఆర్మ్ లోపలి వైపు రెండు బుష్షులు ఒకే గీతలో ఉంటాయి. బయటి వైపున్న రెండు బుష్షుల గుండా మీ మొండి స్పిండిల్ పిన్ పోతుంది, అదీ లోపలి గీతకు సమాంతరంగానే. అంటే ఆర్మ్ రెండు మడతబందుల మీద ఆడే తలుపులాంటిది. ఒకే గీత చుట్టూ తిరగడం తప్ప దానికి వేరే కదలిక అవసరం లేదు. ఇలాంటి చోట జారే బుష్ చక్కగా ఇముడుతుంది. అన్ని కార్లకూ ఈ మాట చెప్పలేను. పాత అమెరికన్ కార్లు కొన్నింటిలో గట్టి ఇరుసును నాలుగు లింకులు ఏటవాలుగా పట్టుకుని ఉంటాయి. అక్కడ కారు ఒరిగినప్పుడు ప్రతి బుష్షూ రెండు దిక్కుల్లో మెలిపడాలి. అన్నిచోట్లా పాలీ వేస్తే సస్పెన్షన్ బిగుసుకుపోయి వెనుక చక్రాలు ఉన్నట్టుండి పట్టు వదులుతాయి. అలాంటి కారు గురించి ఎవరో చెప్పిన అనుభవాన్ని మీ డాట్సన్‌కు అన్వయించకండి, మీ డాట్సన్ అనుభవాన్ని ఆ కారుకూ అన్వయించకండి.

ఇక లక్షణాలు. మలుపులో కాలు తీయగానే వెనుక భాగం జరిగినట్టు అనిపించడానికి ఆర్మ్ బుష్షులే కారణమని నేనూ అనుకుంటున్నాను. ఇంజిన్ లాగుతున్నంతసేపూ చక్రం ఆర్మ్ కొసను ముందుకు తోస్తుంది. బుష్షులు వదులైతే ఆ వదులు మేరకు ఆర్మ్ ముందుకు తిరిగి, చక్రం ముందు అంచు కాస్త లోపలికి చూస్తుంది. దానివల్ల కారు స్థిరంగానే ఉంటుంది. కాలు తీసిన క్షణంలో ఇంజిన్ చక్రాన్ని వెనక్కి లాగుతుంది, ఆర్మ్ ఆ వదులులో వెనక్కి జరుగుతుంది, చక్రం ముందు అంచు బయటికి చూస్తుంది. వెనుక చక్రాలు బయటికి చూడటం, అదీ మలుపు మధ్యలో, ఏ కారుకూ మంచిది కాదు. పైగా 240జెడ్ వెనుక చక్రాల కోణాన్ని సరిచేసే ఏర్పాటు కంపెనీ ఇవ్వలేదు. ఆర్మ్, బుష్షులు సరిగా ఉంటేనే చక్రం సరిగా నిలబడుతుంది. కనుక ఈ పని మానుకోవద్దు, వాయిదా వేయవద్దు. పూర్తయ్యేవరకు ఆ కారును కొండ దారి ఎక్కించకండి.

‘ఠక్’మనే చప్పుడు మాత్రం వేరే చోటి నుంచి వస్తోందని నా అనుమానం. ఈ కార్లలో డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ముందు కొసను ఒక రబ్బరు మౌంట్ మోస్తుంది. యాభై ఏళ్లలో ఆ రబ్బరు చీలిపోవడం చాలా మామూలు. క్లచ్ వదలగానే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేచి, పైనున్న పట్టీని కొట్టుకుంటుంది. చప్పుడు అదే. చక్రాలకు అడ్డు పెట్టి, కారును స్టాండ్ల మీద నిలిపి, డిఫరెన్షియల్ ముక్కు కింద ఒక గడ్డపలుగులాంటి కడ్డీ పెట్టి పైకి ఎత్తి చూడండి. రబ్బరు రెండు ముక్కలుగా విడిపోతే దోషి దొరికినట్టే. అది బాగుంటే హాఫ్ షాఫ్టుల (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు పోయే కడ్డీల) కొసల్లోని యూనివర్సల్ జాయింట్లను, అంటే మడత కీళ్లను, చేత్తో అటూ ఇటూ తిప్పి వదులు చూడండి. ఇవి చూడకుండా బుష్షులన్నీ మార్చి, మొదటిసారి కారు కదిలించగానే మళ్లీ ‘ఠక్’మంటే మీ ఉసూరుమనే నిట్టూర్పు నాకు ఇక్కడికి వినిపిస్తుంది.

ఇప్పుడు పిన్. దాన్ని మధ్యలో పట్టి ఉంచే చిన్న లాక్ బోల్టును తీశారా? ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి అడుగుతున్నాను. మన ఊళ్లలో పాత సైకిళ్ల పెడల్ క్రాంకుకు కాటర్ పిన్ ఉండేది గుర్తుందా? ఒక పక్క ఏటవాలుగా చెక్కి, ఇంకో కొసన నట్టు ఉండేది. ఇదీ అలాంటిదే. స్ట్రట్ కింది పోతలో (పోత పోసిన లోహపు భాగంలో) అడ్డంగా దూరి, స్పిండిల్ పిన్‌కు ఉన్న గాడిలో కూర్చుంటుంది. అది ఉండగా ఎంత కొట్టినా పిన్ కదలదు. నట్టు వదులు చేసి, నట్టు ఇంకా మర చుట్ల మీద ఉండగానే మెల్లగా తట్టి దాన్ని తీయాలి. మర పాడైతే దానికీ తిప్పలే.

అది తీసేశాక కూడా పిన్ కదలకపోతే, తుప్పు పిన్‌ను పోతకు అతికించేసిందని అర్థం. ఈ కార్లలో అది సర్వసాధారణం. మీ చేతకానితనం కాదు. తుప్పు వదిలించే నూనెను లాక్ బోల్టు రంధ్రంలోంచి పోయండి, పిన్ సరిగ్గా మధ్యలోకి చేరే దారి అదొక్కటే. రోజుకు రెండుసార్లు చొప్పున మూడు నాలుగు రోజులు పోసి వదిలేయండి. తర్వాత కొట్టడం కాదు, లాగడం. పిన్ కొస మరకు సరిపోయే పొడవాటి నట్టు, ఒక బలమైన బోల్టు, బుష్ కంటికన్నా వెడల్పైన గొట్టం ముక్క, మందమైన వాషర్లు ఉంటే లాగే పనిముట్టు సిద్ధమైనట్టే. బోల్టు బిగించేకొద్దీ పిన్ గొట్టంలోకి రావాలి. విప్పారిన కొసను ముందు ఆకురాయితో అరగదీసి, మర మీద నట్టు సాఫీగా తిరుగుతోందో లేదో చూసుకోండి. తిరగకపోతే రెండో కొస వైపు నుంచి లాగండి.

వేడి చేయమని కొందరు చెబుతారు. ఆ చోటికి జానెడు దూరంలో డ్రమ్ము బ్రేకు సిలిండర్ రబ్బర్లు, బ్రేకు హోస్, లోపల బ్రేకు నూనె ఉన్నాయి. కారు కింద పడుకుని అక్కడ మంట పెట్టడం నేను ఒప్పుకోను.

లాగినా రాకపోతే పౌరుషానికి పోకుండా స్ట్రట్‌ను, ఆర్మ్‌ను కలిపి ఒకే ముక్కగా కారు నుంచి దింపండి. బ్రేకు హోస్, హ్యాండ్ బ్రేకు కేబుల్, హాఫ్ షాఫ్టు, లోపలి రెండు బుష్షుల బిగింపులు, పైన స్ట్రట్ నట్లు విప్పితే వచ్చేస్తుంది. పైన స్ట్రట్ మధ్యలో ఒక్కటే ఉండే పెద్ద నట్టును మాత్రం ముట్టుకోవద్దు. లోపల నొక్కి ఉన్న స్ప్రింగును పట్టి ఉంచేది అదే. చుట్టూ ఉన్న మూడు చిన్న నట్లు విప్పితే చాలు. మొత్తాన్ని హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న మెషిన్ షాపుకు తీసుకెళ్లండి. అక్కడా లొంగకపోతే ఆర్మ్‌కూ పోతకూ మధ్య ఉన్న సందులో రెండు వైపులా పిన్‌ను రంపంతో కోయించి, ఆర్మ్‌ను వేరు చేసి, పోతలో మిగిలిన ముక్కను ప్రెస్‌తో తోయించండి. పిన్ పోతే కొత్తది దొరుకుతుంది. స్ట్రట్ పోత చీలితే అంత తేలిగ్గా దొరకదు. ఏది కాపాడాలో ఏది వదులుకోవాలో ఇక్కడ స్పష్టంగా ఉండాలి. నా మాట వింటే రెండు చక్రాలకూ కొత్త పిన్‌లు, కొత్త లాక్ బోల్టులు ఇప్పుడే తెప్పించుకోండి.

కారు కింద ఉన్నంతసేపూ జాకీని నమ్మకండి. గట్టి నేల మీద రెండు స్టాండ్లు ఉండాలి. పిన్ లాగేటప్పుడు కారును బలంగా కుదుపుతారు కదా, స్టాండ్లు వేశాక ఒకసారి కారును పక్కల నుంచి చేత్తో ఊపి చూసి ఆ తర్వాతే కిందికి వెళ్లండి.

రబ్బరు కాల్చే సంగతి: వద్దు. కాలుతున్న పాత రబ్బరు పొగ ఊపిరితిత్తులకు చేటు, అంటుకున్నది ఆరడానికి మొండికేస్తుంది, ఇళ్ల మధ్య గ్యారేజీలో చేసే పని కాదది. డ్రిల్లుతో రబ్బరు చుట్టూ వరుసగా రంధ్రాలు వేయండి. లోపలి గొట్టం రబ్బరుతో సహా వెలికి వస్తుంది. పావుగంట ఆలస్యం, అంతే.

బయటి ఇనుప గొట్టం దగ్గర మాత్రం ఆగి, కిట్‌తో వచ్చిన కాగితం చదవండి. కొన్ని కిట్లకు ఆ పాత గొట్టం ఆర్మ్ కంటిలోనే ఉండాలి, కొన్నింటికి తీసేయాలి. తీయకూడనిది తీస్తే పాలీ వదులుగా ఆడుతుంది. తీయాల్సింది ఉంచితే అసలు దూరదు. తీయాల్సి వస్తే హ్యాక్‌సా బ్లేడును కంటిలోంచి దూర్చి, మళ్లీ ఫ్రేముకు బిగించి, గొట్టం పొడవునా ఒక గాటు కోయండి. బ్లేడు ఆర్మ్ కంటిని తాకకముందే ఆగాలి. ఆ గాటు దగ్గర సన్నని ఉలితో గొట్టాన్ని లోపలికి మడిస్తే పట్టు వదిలి జారి వస్తుంది. లోపలి ముందు బుష్, వెనుక బుష్ చూడటానికి ఒకేలా ఉన్నా కొలిచి చూడకుండా కలిపేయకండి. తీసినప్పుడే గుర్తు పెట్టండి. స్పిండిల్ పిన్ ఏ కొస ముందుకు ఉందో కూడా గుర్తించండి. గాడి స్థానం తప్పితే లాక్ బోల్టు కూర్చోదు.

పాలీ వేయడంలో ఎక్కువమంది తప్పేది ఒక చిన్న కొలత దగ్గర. లోపలి ఇనుప గొట్టం రెండు పక్కలా పాలీకన్నా ఒక వెంట్రుకవాసి పొడవు ఉండాలి. అప్పుడే నట్టు బిగింపు ఇనుము మీద పడుతుంది, పాలీ స్వేచ్ఛగా తిరుగుతుంది. పాలీ అంచే పొడవుగా ఉంటే నట్టు పాలీని నొక్కేస్తుంది, కీలు కాస్తా బిరడా అవుతుంది. గొట్టం మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూడండి. పాలీ తగిలితే పాలీ అంచును సమంగా అరగదీయండి, గొట్టాన్ని కాదు. కంటి లోపల తుప్పు, రంగు పెచ్చులు లేకుండా నున్నగా శుభ్రం చేయండి. గ్రీజు కిట్‌తో వచ్చిన సిలికాన్ రకమే వాడండి, అదీ పిసినారితనం లేకుండా: కంటికీ, గొట్టానికీ, పాలీ అంచుల ముఖాలకూ. గ్యారేజీలో ఉన్న మామూలు బేరింగు గ్రీజు వద్దు. స్పిండిల్ పిన్‌కు మాత్రం తుప్పు పట్టనివ్వని యాంటీ సీజ్ పూత రాయండి. మీ కారుకు యాభై ఏళ్ల క్రితం ఎవరైనా ఆ పూత రాసి ఉంటే మీ రెండు శనివారాలు మీకే మిగిలేవి.

లోపలి బిగింపులు పూర్తయ్యాక, ఆర్మ్‌ను స్ట్రట్‌కు కలపకముందు, చేత్తో పైకెత్తి వదలండి. తన బరువుకు తాను నెమ్మదిగా దిగాలి. ఎక్కడ పెడితే అక్కడే నిలబడిపోతే ఏదో పట్టేస్తోందని అర్థం, విప్పి మళ్లీ ఆ అంచుల కొలత చూడండి. ఈ పరీక్షలో నెగ్గకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇక మీ కిట్‌లో అన్నీ వేయాలా? వద్దు. ఒక్కో ఆర్మ్‌కున్న బుష్షులు నాలుగూ పాలీవే వేయండి, అయితే రెండు చక్రాలకూ ఒకే రకం ఉండాలి. డిఫరెన్షియల్ వెనుక భాగాన్ని మోసే మీసం ఆకారపు బార్ ఉంది కదా, దాని కొసల్లోని బుష్షులు, ముందు చెప్పిన డిఫరెన్షియల్ మౌంట్, ఈ రెండూ కొత్త రబ్బరువే వేయమంటాను. చక్రం ఎటు చూడాలో తేల్చేది ఆర్మ్ బుష్. మీసం బార్ బుష్ పని గేర్ల మోత బండి బాడీలోకి రాకుండా ఆపడం. అక్కడ పాలీ పెడితే మలుపులో మీకు దక్కే లాభం తక్కువ, ఫ్రీవే మీద గంటసేపు చెవిలో గుయ్యిమనే మోత మాత్రం ఖాయం. నా సొంత కారైతే, వారాంతపు ప్రయాణాలకే అయితే, ఆర్మ్‌లకూ రబ్బరే వేసుకునేవాణ్ని. గ్రీజు గొడవ లేని బుష్ నాకిష్టం. కానీ మీరు ఇప్పటికే డబ్బు పెట్టారు, పైగా ఈ కారులో ఆ చోటికి పాలీ సరిపోతుంది. తిరిగి పంపి మళ్లీ కొనేంత తేడా లేదు.

ఆర్మ్‌లా ఆడే చోట ఎక్కడ రబ్బరు బుష్ వేసినా, చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే కారు దిగగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. పాలీకి ఈ నియమం అంత ముఖ్యం కాదు, జారుతుంది కాబట్టి. అయినా నేను అన్నింటినీ కారు నేల మీద ఉండగానే బిగిస్తాను, ఏది రబ్బరో ఏది కాదో తికమక లేకుండా. బిగింపు బలం ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్‌లోని లెక్క ప్రకారమే ఉండాలి, టార్క్ రెంచితో. నూరు మైళ్లు నడిపాక మళ్లీ ఒకసారి అన్ని నట్లూ చూడండి.

ఆ తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ (చక్రాలు చూసే కోణం) కొలిపించండి. వెనుక కొలతలు మార్చలేమని వాళ్లు వెనుక కొలవకుండా పంపేస్తారేమో, అడిగి మరీ కొలిపించి కాగితం తీసుకోండి. వెనుక ఎడమ, కుడి చక్రాల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే పని బాగా కుదిరినట్టు. ఒకటి బయటికి చూస్తుంటే ఆర్మ్ వంగిందేమో, పాత దెబ్బ ఏదైనా ఉందేమో చూడాలి. కోణం సరిచేయడానికి రంధ్రం పక్కకు జరిపి చేసిన బుష్షులు విడిగా దొరుకుతాయి. కానీ వంగిన ఆర్మ్‌ను వాటితో కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు. ఆ కాగితంలోని అంకెలు నాకు రాసి పంపండి, డిఫరెన్షియల్ ముక్కు కింద కడ్డీ పెట్టి ఎత్తినప్పుడు ఏం కనిపించిందో కూడా రాయండి.